నూట నలభై ఒకటో పేజీ

భూపాలపల్లి,
2 జూన్ 2025

చెల్లె శాంతికి,

అన్న ఓదెలు దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ వదిన రాజీ బాగున్నాం. నువ్వు, ఇమ్మానుయేల్ బావ, మేనకోడలు దీక్షిత, అవ్వ అందరూ క్షేమమని తలుస్తాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఇరవై ఏడేళ్లు బొగ్గు బాయిలో పేలుళ్ల మధ్య పనిచేసిన చెవులివి. వీటి వల్లే రెండేళ్ల కింద అన్‌ఫిట్ అయి ఇంటికొచ్చాను. మిషను పెట్టుకుంటే మనిషి మాట కంటే ఈల ఎక్కువ వినబడుతుంది. పోయిన దసరాకు నువ్వు ఫోన్లో "అవ్వకు జరమచ్చింది" అంటే, నేను జామపండ్లు అని విని "మంచిగ తినిపియ్యి" అన్నానట. రాజీ ఇప్పటికీ ఎవరొచ్చినా ఆ ముచ్చట చెబుతుంది. ఇకమీదట మనకు ఉత్తరాలే దిక్కు.

అసలు సంగతి. ఖాళీగా కూర్చోలేక ఒక నవల రాశాను. హన్మకొండలో మూడు వందల కాపీలు అచ్చు వేయించాను. ఒకటి పంపుతున్నాను. మన ఇంటి కథే, పేర్లు మార్చాను. విధి ఒక కుటుంబాన్ని ఎటు తీసుకుపోతుంది, కాలం మారినా మనిషి రాత ఎందుకు మారదు, ఇదీ నేను చెప్పదలచింది. జూలై ఇరవై, ఆదివారం, మానుకోటలో ఆవిష్కరణ. మనం ఇంటర్ చదివిన కాలేజీకి దగ్గరే హాలు. నువ్వు వేదిక మీద నా పక్కన కూర్చోవాలి. ఇప్పటి నుంచే బడిలో సెలవు అడిగిపెట్టుకో.

నీ అన్న,
ఓదెలు


రఘునాథపల్లి,
11 జూన్ 2025

అన్నకు శాంతి నమస్కరించి రాసేది.

ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో. నెల్లికుదురు బడిలో తెలుగు సారు, ఉత్తరమంటే పుస్తకం భాషలోనే రాయాలని బెత్తం పట్టుకుని నేర్పాడు కదా. పెన్ను పట్టగానే చెయ్యి అటే పోతోంది. నువ్వూ నవ్వకు.

పుస్తకం బడికే వచ్చింది. మొన్న, బడి తెరుస్తారని గదులు కడుగుతున్నాను. ప్రేమలత మేడం కవరు చించి, అట్ట మీద నీ పేరు చూసి, "ఆయమ్మా, మీ అన్న రైటరా?" అని కుర్చీ చూపించింది. పద్నాలుగేళ్లలో ఆమె గదిలో నన్ను కూర్చోమనడం ఇదే మొదలు. కూర్చోలేదులే, చేతిలో ఫినాయిల్ డబ్బా ఉంది. కానీ ఆ రోజంతా ఊరేగినట్టే ఉంది నాకు.

నేను ఇంటర్ పాసైన సంగతి మేడంకు తెలియదు. చెబితే, మరి ఈ పనేమిటని అడుగుతుంది. టీచర్ ట్రైనింగ్ పరీక్ష రాశాను, సీటు రాలేదు అని చెప్పుకోవాలి. దీక్షితకు కూడా చెప్పలేదు. పిల్ల జనగామలో డిగ్రీ రెండో సంవత్సరం, క్లాసులో ముందుంటుంది. తల్లి మొద్దు అని దానికి తెలియడమెందుకు?

అవ్వ బాగానే ఉంది. ఎడమ చెయ్యి ఎప్పటిలాగే. కన్నకొడుకు పుస్తకాన్ని కుడిచేత్తో పట్టుకుని తలకిందులుగా చూసి, "మా ఓదెలుగాడు గింత రాసిండా" అని అట్ట నిమిరింది. నలభై పేజీలు చదివాను. మన ఇంటి ముందర రాతి కుడితి తొట్టి గురించి రాసిన దగ్గర ఏడుపొచ్చింది. సెలవు అడిగాను, ఇస్తానంది. వేదిక మీదికి మాత్రం నన్ను పిలవకు. కింద కూర్చుంటాను.

నీ చెల్లె,
శాంతి


రఘునాథపల్లి,
24 జూన్ 2025

అన్నకు,

నూట నలభై ఒకటో పేజీ దాకా వచ్చాను. అక్కడే ఆగాను.

నీ నవలలో చెల్లె పేరు కమల. కమల టీచర్ ట్రైనింగ్ పరీక్ష రాస్తుంది. మూడు వందల పన్నెండో ర్యాంకు వస్తుంది. సీటు ఇస్తాం, ఆగస్టు పద్దెనిమిదిన హన్మకొండకు రమ్మని ఉత్తరం వస్తుంది. పోస్టుమాన్ దాన్ని తెస్తుంటే వాగు పొంగి సంచితో సహా కొట్టుకుపోతుంది. కమలకు ఆ సంగతే తెలియదు. పెండ్లి చేసుకుని, ఇంకొకరి పిల్లల చెప్పుల పట్టీలు కడుతూ బతుకుతుంది.

కమల నేనే కదా? కాదనకు, చెప్పుల పట్టీలు కట్టేది నేనే.

మరి నాకు ఉత్తరమే రాలేదు కదా అన్నా. సీటు రాలేదు కాబట్టి రాలేదు. నీకు మూడు వందల పన్నెండు ఎట్లా తెలిసింది?

తప్పుగా అనుకోకు. ఊరికే అడుగుతున్నాను.

శాంతి


భూపాలపల్లి,
30 జూన్ 2025

చెల్లెకు ఓదెలు దీవెనలు.

నీ ఉత్తరం చూసి నవ్వొచ్చింది. నవల అంటేనే కల్పన. నిజం ఒక పాలు, ఊహ మూడు పాళ్లు. కథకు మలుపు కావాలి. ఎవరో మనిషి చేసిన తప్పని రాశాననుకో, చదివేవాడు ఆ మనిషిని తిట్టుకుని పుస్తకం మూసేస్తాడు. అదే వాగు పొంగిందని రాస్తే ఎవరినీ తిట్టలేడు. తలరాత అనుకుని కంటతడి పెట్టుకుంటాడు. మూడు వందల పన్నెండు అనేది ఏదో నోటికొచ్చిన అంకె.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. రాజీ ఇంటి వెనుక బీరపాదు పెట్టింది. ఆవిష్కరణకు వరంగల్ నుంచి ఒక లెక్చరర్ వస్తున్నాడు. విధి మీద మంచిగా మాట్లాడతాడట. నువ్వు ఆ పేజీ దాటి ముందుకు చదువు. చివరికి కమలకు మంచి రోజులొస్తాయి.

ఓదెలు


రఘునాథపల్లి,
7 జూలై 2025

అన్నకు,

ముందుకు పోలేదు. ఆ పేజీనే మళ్లీ మళ్లీ చదివాను.

నీ నవలలో కమల తండ్రి పేరు లింగయ్య. మొదటి పేజీ నుంచీ లింగయ్యే. కానీ కొట్టుకుపోయిన ఆ ఉత్తరంలో ఏముందో నువ్వు వరసగా రాసిన చోట, "తండ్రి పేరు: సాంబయ్య" అని ఉంది. సాంబయ్య మన నాయిన. ఊహించి రాస్తే లింగయ్య అనే రాసేవాడివి. గుర్తు తెచ్చుకుని రాశావు కాబట్టి, మార్చడం మరిచావు.

ఆ ఉత్తరం నువ్వు చూశావు. ఎక్కడ చూశావు? ఎవరి చేతిలో చూశావు?

ఈ ప్రశ్న అడగడానికి నాకు సిగ్గుగా ఉంది. అన్నను పోలీసు వాళ్లు అడిగినట్టు అడుగుతున్నాను. కానీ వారం నుంచి బడిలో గంట కొట్టడం కూడా మరిచిపోతున్నాను.

శాంతి


భూపాలపల్లి,
12 జూలై 2025

చెల్లెకు,

దాచి లాభం లేదు. చెబుతాను, మనసు గట్టి చేసుకో.

నాయిన పోయాక ఆయన సందుగ సర్దుతుంటే ఆ ఉత్తరం దొరికింది. పాత పట్టా కాగితాల మధ్య పెట్టాడు. ఆ ఏడే కదా అవ్వకు పచ్చవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. నువ్వు రెండేళ్లు హన్మకొండ పోతే ఇంట్లో వండేదెవరు, అవ్వను లేపేదెవరు అని దాచిపెట్టి ఉంటాడు. నీకు చెప్పి బాధ పెట్టడమెందుకని చించేశాను. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకు. వాళ్ల రాత, మన రాత.

ఇరవైన తప్పక రా. నీ కోసం ముందు వరసలో కుర్చీ పెట్టిస్తున్నాను.

ఓదెలు


రఘునాథపల్లి,
17 జూలై 2025

అన్నకు,

నాయిన ఫోటో గోడ మీది నుంచి తీసి బియ్యం సంచి వెనుక పెట్టాను.

సీటు రాలేదని తెలిసిన నాడు నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాయిన పెరుగన్నం కలిపి, "రాకుంటె రాకపాయె బిడ్డా, సదువొక్కటేనా బతుకు" అని చిన్నపిల్లకు పెట్టినట్టు ముద్దలు పెట్టాడు. దాచిన చెయ్యీ అదేనా? ముప్ఫై ఒక్క ఏండ్లు ఆ ముద్దలు తలుచుకునే నేను మా అత్తగారింట్లో, బడిలో, పత్తి చేన్లలో అన్నీ ఓర్చుకున్నాను.

దీక్షితకు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. అది నా ముఖం చూసి, "అమ్మా, నువ్వు ఎగ్జామ్ రాసినవా?" అంది. అంతే అంది. తర్వాత లోపలికి పోయి తలుపేసుకుంది.

ఆదివారం నేను రాను. సిగ్గుగా ఉంది. నా బతుకు కథ అని అందరి ముందూ చప్పట్లు కొడుతుంటే నేను ఎటు చూడాలి?

శాంతి


భూపాలపల్లి,
23 జూలై 2025

శాంతీ,

ఆవిష్కరణ అయింది. నూట ఇరవై మంది వచ్చారు. నీ కుర్చీలో చివరికి హాలు వాచ్‌మన్ వాల్యా కూర్చున్నాడు. నాకేమీ వినబడలేదు. వాళ్ల నోళ్లు కదలడం చూస్తూ, అందరూ చప్పట్లు కొట్టినప్పుడు నేనూ కొట్టాను. అది నన్ను పొగిడినందుకని రాజీ మోచేత్తో పొడిచింది.

తెల్లారి పేపర్లో జిల్లా పేజీలో వచ్చింది. "విధి ముందు మనిషి నిస్సహాయతను హృదయానికి హత్తుకునేలా చెప్పిన నవల" అని లెక్చరర్ అన్నాడట. పక్కన నా ఫోటో, శాలువాతో. రాజీ దాన్ని కత్తిరించి దాచింది. "గంతమంది మెచ్చుకుంటుంటె నీ ముఖం గట్లెందుకున్నదయ్యా" అని కాగితం మీద రాసి అడిగింది. 

ఒక్క మాట విను. నాయిన ఫోటో మళ్లీ గోడకు పెట్టు. ఈ రోజే పెట్టు. ఎందుకని అడగకు.

ఓదెలు


రఘునాథపల్లి,
29 జూలై 2025

అన్నకు,

నీ ఉత్తరం రాకముందే ఫోటో గోడెక్కింది. ఎట్లా ఎక్కిందో చెబుతాను.

అవ్వ మంచం మీద నుంచి గోడ చూసి, "మీ నాయిన ఏడ వోయిండే?" అంది. నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. డెబ్బై అయిదేళ్ల మనిషి మీద, చెయ్యి రాని మనిషి మీద అరిచాను. "నీ మొగుడు నా ఉత్తరం దాసిపెట్టిండు. నీకు బువ్వ వండెటందుకు నా బతుకును సందుగల పెట్టి తాళమేసిండు. నీకెరికేనా? నువ్వుగూడ కలిసినవా?" అన్నాను. పక్కింటివాళ్లు గడపలోకి వచ్చి చూశారు.

అవ్వ కుడిచేత్తో మంచం పట్టె కొట్టుకుంటూ ఏడ్చింది. అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "గాయిన దాస్తడా బిడ్డా? నీ ఉత్తరం రాలేదని పోస్టాఫీసు సుట్టు తిరిగి తిరిగి చెప్పులరిగినయ్. ఆఖరుకు సీట్లిస్తరన్న తారీఖు నాడు, మొదటి బస్సుకు ఓదెలుగాన్ని హన్మకొండ తోలిండు. పోయి లిస్టు సూసి రా కొడుకా అన్నడు. గాడు మాపటికొచ్చి, లిస్టుల లేదు నాయినా అన్నడు. మీ నాయిన గుంజకొరిగి ఏడ్సిండు. నువ్వు లోపటున్నవ్, నీకెరికలేదు."

ఇగ నాకు పుస్తకం భాష వస్తలేదన్నా. సారు కొడితే కొట్టనియ్. నా మాటల్నే రాస్త.

ఉత్తరం దాసినోడైతే నిన్ను హన్మకొండ ఎందుకు తోలుతడు? చెప్పు. నాయినకు ఉత్తరం ముచ్చటే తెల్వది. తెలిసింది నీకు. సచ్చిపోయినోని మీద ఏసినవ్. ఆయన లేచి వచ్చి కాదనడని ఏసినవ్. నేను నమ్మిన. నమ్మి అవ్వను తిట్టిన. అవ్వ రెండు రోజుల నుంచి నా చేతి బువ్వ తింటలేదు, దీక్షిత పెడితె తింటున్నది. నా ముఖం నేను అద్దంల చూసుకుంటలేను.

నువ్వు ఏం చేసినవో నీ చేత్తోని రాసి పంపు. వాగు గీగు వద్దు.

శాంతి


భూపాలపల్లి,
4 ఆగస్టు 2025

శాంతికి,

చెల్లె అని రాయడానికి చెయ్యి రాలేదు.

ఉత్తరం వచ్చింది 1994 ఆగస్టు తొమ్మిది, మంగళవారం. నేను బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే పోస్టుమాన్ నా చేతికిచ్చాడు. "మీ ఇంటికి సర్కారు కవరచ్చిందోయ్" అన్నాడు. చింపి చదివాను. చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాను. ఇంటికి పోతూ రేపు చెబుదామనుకున్నాను. మరునాడు, ఎల్లుండి చెబుదామనుకున్నాను. దాచినకొద్దీ, ఇన్నాళ్లు ఎందుకు దాచావంటే ఏం చెప్పాలో తెలియక ఇంకా దాచాను.

పద్దెనిమిదిన నాయిన నన్ను హన్మకొండ పంపినప్పుడు ఉత్తరం నా జేబులోనే ఉంది. కాలేజీ గేటు లోపల చెట్టు కింద ఆడపిల్లలు తండ్రులతో వరసగా నిలబడి ఉన్నారు. నూనె పెట్టి దువ్విన జడలు, చేతుల్లో సర్టిఫికెట్ల సంచులు. ఒకాయన మెట్ల మీద నిలబడి పేర్లు పిలుస్తున్నాడు. నీ పేరు పిలిచాడు శాంతీ. మూడుసార్లు పిలిచాడు. అప్పుడు నా చెవులు బాగానే ఉండేవి.

నేను చెయ్యి ఎత్తి, మా చెల్లె, ఇంటి దగ్గర ఉంది, రేపు తెస్తాను అంటే ఏమన్నా ఒప్పుకునేవాళ్లేమో. అడగలేదు. పేర్లు పిలిచేయాన నీ పేరు పక్కన గీత గీసి, కిందిది పిలిచాడు. నేను బస్టాండుకు వచ్చి సాయంత్రం దాకా కూర్చున్నాను. తిరిగి వచ్చే బస్సులో ఉత్తరాన్ని ముక్కలు చేసి కిటికీలోంచి వదిలేశాను. నాయినకు లిస్టులో లేదని చెప్పాను. ఆయన ఏడ్చింది చూశాను. నువ్వు తినకపోవడం చూశాను. రెండేళ్లకు నీ పెండ్లయింది. ఆ ఏడే నేను బాయి పనికి భూపాలపల్లి వచ్చేశాను. పని దొరికిందని అందరితో అన్నాను కానీ, నీ ఎదురుగా అన్నం తినలేక వచ్చాను.

ఎందుకు చేశానంటే, అవ్వ కోసం. అవ్వ మంచాన పడి ఉంది. నువ్వు పోతే ఎట్లా అన్న బెంగ. అంతకు మించి లేదు.

నవలలో రాస్తే నాలో నుంచి పోతుందనుకున్నాను. ర్యాంకు నంబరు మాత్రం తప్పు రాయబుద్ధి కాలేదు. అది నీది.

నన్ను తిట్టు. జవాబు మాత్రం రాయి. రాజీకి ఈ రోజు చెప్పాను. నా చేతిలో నీళ్ల గ్లాసు పెట్టకుండా కింద పెట్టి పోయింది.

ఓదెలు


భూపాలపల్లి,
5 అక్టోబర్ 2025

శాంతికి,

రెండు నెలలైంది. పోస్టుమాన్ ఇమ్మానుయేల్‌ను, అదే మన బావ పేరుగలాయనను, రోజూ గేటు దగ్గర ఆపి అడుగుతున్నాను. ఇప్పుడు ఆయనే దూరం నుంచి చెయ్యి ఊపి లేదంటున్నాడు.

పెత్రమాస నాడు నాయిన పేరు మీద బియ్యం ఇవ్వాలి. పోలేకపోయాను. పేరు ఎవరిదని అయ్యగారు అడుగుతాడు, సాంబయ్య అని ఏ నోటితో చెప్పాలి? రాజీ ఒక్కతే పోయి ఇచ్చి వచ్చింది.

అమ్ముడుపోని పుస్తకాలు రెండు వందల పైన ఇంట్లోనే ఉన్నాయి. ఒక్కొక్కటి తీసి నూట నలభై ఒకటో పేజీ మీద కొత్త కాగితం అతికిస్తున్నాను. చేత్తోనే రాస్తున్నాను. వాగు తీసేశాను. మొదటి కాగితం నీకు పంపుతున్నాను:

"ఉత్తరం అన్న చేతికి వచ్చింది. లోకం తెలియని వయసు అతనిది. మంచాన పడిన తల్లి కళ్ల ముందు మెదిలింది. చెల్లె దూరమైతే ఆ తల్లి గతేమిటి? కన్నీళ్లు దిగమింగి, అతడు ఆ ఉత్తరాన్ని దాచాడు. విధి ఆ ఇంటిని అట్లా పరీక్షించింది."

చూసి చెప్పు.

ఓదెలు


రఘునాథపల్లి,
19 అక్టోబర్ 2025

అన్నకు,

జవాబు రాయకపోవడం శిక్ష వెయ్యడానికి కాదు. ఏం రాసినా తర్వాత సిగ్గుపడేటట్టే వస్తోంది. నాలుగు ఉత్తరాలు రాసి పొయ్యిలో పెట్టాను.

అవ్వ తింటోంది, నా చేత్తోనే. బతుకమ్మ పండుగనాడు ఆమె కాళ్లు పట్టుకున్నాను. "నీది తప్పు కాదు పో" అంది. ఉత్తరం ముచ్చట మొత్తం తెలుసు ఆమెకు. నేను చెప్పలేదు, దీక్షిత చదివి వినిపించింది. అంతా విని గోడ వైపు తిరిగి పడుకుంది.

నా ఇంటర్ మెమో తీసుకుపోయి ప్రేమలత మేడం బల్ల మీద పెట్టాను. మేడం రెండు వైపులా తిప్పి చూసి, "ముందే చెప్పొచ్చు కదా ఆయమ్మా" అంది. తర్వాత చాయ్ తెమ్మంది. తెచ్చాను. ఏమీ మారలేదు. అయినా మెమో సంచిలోనే పెట్టుకుని తిరుగుతున్నాను. సీటు రాలేదన్న మాట అబద్ధమని తెలిశాక నడుం కొంచెం నిటారయింది. అది తలుచుకుంటే కూడా సిగ్గే. యాభై ఏండ్లకు మురిసిపోవడమేమిటని.

నీ కాగితం తిరిగి పంపుతున్నాను. తప్పులున్నాయి.

"లోకం తెలియని వయసు" అని రాశావు. నాకు పద్దెనిమిది, నీకు ఇరవై ఒకటి.

"మంచాన పడిన తల్లి" అన్నావు. అవ్వ ఆ ఏడు బతుకమ్మకే కట్టె పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. అప్పుడైనా చెప్పలేదు నువ్వు. మరుసటేడు మళ్లీ పరీక్ష రాస్తానంటే, "నీకు రానిది వదిలెయ్" అన్నావు. ఇది నీకు గుర్తుందో లేదో, నాకుంది.

"కన్నీళ్లు దిగమింగి" కొట్టెయ్. "విధి" కొట్టెయ్.

ఇంకొకటి. అసలైనది. ఆ పరీక్ష మనమిద్దరం రాశాం. ఇంటర్‌లో ఒకసారి తప్పి, సప్లిమెంటరీ రాసి, నువ్వు కూడా నాతోపాటు వచ్చావు. మానుకోటలో ఒకే గది. నేను మూడో బెంచి, నువ్వు కిటికీ దగ్గర. నాయిన ఇద్దరికీ రెండు కొత్త పెన్నులు కొన్నాడు. నీ నవలలో అన్న పరీక్షే రాయడు. మూడు వందల పేజీల్లో ఎక్కడా ఆ ముక్క లేదు. నేను మొదట చదివినప్పుడే చూశాను, మరిచిపోయావనుకున్నాను.

నాకు తెలుసు. నీ చేత్తో రాయాలి.

శాంతి


భూపాలపల్లి,
27 అక్టోబర్ 2025

చెల్లెకు,

ఇది తొమ్మిదోసారి రాసింది.

"ఆ ఏడు అన్నా చెల్లెలూ ఇద్దరూ ఒకే పరీక్ష రాశారు. చెల్లెకు మూడు వందల పన్నెండో ర్యాంకు వచ్చింది. అన్నకు రాలేదు. ఊళ్లో అందరూ అన్నకే వస్తుందనుకున్నారు, అన్న కూడా అనుకున్నాడు. సర్కారు కవరు చూసి, పైన పేరు చదవకుండానే తనదే అనుకుని చింపాడు. లోపల చెల్లె పేరుంది. ఆమె టీచరై, తాను ఎడ్ల వెనుక నడుస్తూ ఉండడం అతని కళ్లకు కనబడింది. ఓర్వలేకపోయాడు. వాగు పొంగలేదు. ఆ ఏడు వానలే సరిగా పడలేదు. తల్లి జబ్బు అతనికి తర్వాత దొరికిన సాకు."

కవరు నాదనుకుని చింపిన సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా.

ఇంతకంటే రాయడం రాలేదు. తప్పులుంటే దిద్ది పంపు.

ఓదెలు


రఘునాథపల్లి,
6 నవంబర్ 2025

అన్నకు,

తప్పుల్లేవు. ఇదే అతికించు.

మాఫ్ చేశానని రాయమని అడగలేదు నువ్వు, మంచిదే. రాయలేను. పొద్దున బడిలో చిన్నపిల్లలు అ ఆలు అరుస్తుంటే గడప దగ్గర నిలబడతాను కదా, అప్పుడు నీ మీద కోపం లేస్తుంది. మధ్యాహ్నానికి తగ్గుతుంది. రేపు మళ్లీ లేస్తుంది.

అవ్వకు నీ కాగితం దీక్షిత చదివి వినిపించింది. అవ్వ అంతా వింది. తర్వాత, "గాన్ని రమ్మను. నా ముంగట కూసుండవెట్టు. నేననాల్సినయి మస్తున్నయ్" అంది.

వచ్చే ఆదివారం రాజీ వదినను తీసుకుని రా. మొదటి బస్సుకు రా, మాట ఒడిసేసరికి పొద్దుగూకుతుంది. నీకు వినబడదని అవ్వకు చెప్పాను. ఆమె అంటుంటే నేను పక్కన కూర్చుని కాగితం మీద రాసి చూపిస్తాను. ఒక్క మాట కూడా తగ్గించి రాయను.

నీ చెల్లె,
శాంతి